పైవాటా బెల్లం టీ

మా మామగారు నా చేతి టీ తొమ్మిదేళ్ళు తాగారు. ఆ తొమ్మిదేళ్ళలో ఆయన నాకిచ్చిన కితాబు ఒక్కటే, "ఊఁ". పొద్దున్నే పార్కులో నడక ముగించుకుని వచ్చి, అశోక్‌నగర్‌లో మేం అద్దెకున్న ఇంటి వరండాలో పడక్కుర్చీలో కూర్చునేవారు. నేను స్టీలు గ్లాసు తెచ్చి చేతికిచ్చేదాన్ని. మొదటి గుక్క తాగి "ఊఁ" అనేవారు. అంతకన్నా మాట్లాడే మనిషి కాదాయన. మావారి దగ్గర్నుంచి ఆ మాత్రం కూడా వచ్చేది కాదు. చేతిలో పేపరుంటే చాలు, వేడినీళ్ళిచ్చినా టీ అనుకుని తాగేసేవారు.

ఆ స్టీలు గ్లాసు మా అత్తగారిది. అంచు కింద ఆవిడ పేరు చెక్కించి ఉండేది. నేను కాపురానికి వచ్చేనాటికే ఆవిడ లేరు. వంటింట్లో నాకు పని నేర్పిన వాళ్ళూ లేరు, వంకలు పెట్టిన వాళ్ళూ లేరు. నేను ఈ ఇంటికి పనికొచ్చానో లేదో చెప్పేది ఆ ఊఁ ఒక్కటే. నవ్వుకుంటే నవ్వుకోండి, దానికోసం నేను పొద్దున్నే గుమ్మం దగ్గర నిలబడేదాన్ని.

మామగారు యాభై ఆరులో రాజధాని మారినప్పుడు ఆఫీసుతో పాటు కర్నూలు నుంచి హైదరాబాదు వచ్చినవారు. మా గుంటూరు వైపు వాళ్ళంతా కాఫీ మనుషులే అయినా, ఈయన మాత్రం ఆఫీసు క్యాంటీన్లో టీ మరిగారు. గ్లాసుకి మూడు చెంచాల పంచదార పడాల్సిందే. రిటైరయ్యాక పార్కు స్నేహాలు మొదలయ్యాయి. ఆయనలాంటి పెద్దమనుషులు నలుగురు. నడిచేది అరగంట, బెంచీ మీద కూర్చునేది గంట. ఆ బెంచీ మీద ఒక్కో నెల ఒక్కో తిండి మీద తీర్పు చెప్పేవారు. ఒక నెల డాల్డా, ఇంకో నెల మైదా. రాష్ట్రంలో మద్యనిషేధం ఉన్న రోజుల్లో ఒక నెల పంచదార వంతు వచ్చింది.

"అమ్మా, ఇవాళ్టి నుంచి ఇంట్లో పంచదార వద్దు. తెల్లగా చెయ్యడం కోసం చెరకులో ఉన్న మంచినంతా తీసి పారేస్తారట. బెల్లం వాడదాం," అన్నారు మామగారు. ఆయన నాతో ఒక్కసారే అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. "డాక్టరు గారు కూడా బరువు తగ్గమన్నారుగా," అని ఇంకోటి చేర్చారు.

నారాయణగూడ డాక్టరు గారు అన్నది తీపి తగ్గించమని. మామగారు తీపి మానుకునే మనిషి కాదు కనుక ఇలా దారి వెతుక్కున్నారు. నాకేం అభ్యంతరం? ఆ సాయంత్రమే చిక్కడపల్లి మార్కెట్లో మేం సరుకులు తెచ్చుకునే కిరాణా కొట్టుకి వెళ్ళాను. అక్కడ రెండు రకాల బెల్లం ఉంది. ఒకటి బంగారు రంగులో చక్కటి అచ్చులు. రెండోది నల్లగా, జిగటగా, గోనెకి అంటుకుపోయిన దిమ్మ. మా ఊళ్ళో ఆ రంగుది గేదెలకి పెట్టేవాళ్ళు, లేదా సారా కాచేవాళ్ళు పట్టుకుపోయేవాళ్ళు. నేను పసుపుది తూచమన్నాను.

కొట్టతను తూస్తూ, "మీ పైన ఉండే అక్కయితే నల్లదే తీస్కపోతదమ్మా. తెల్లగున్న దాంట్ల మందు కలుపుతరంటది," అన్నాడు.

నన్నెవరైనా అడిగారా ఆవిడ సంగతి? సంచీ విదిలించి పట్టుకుని వచ్చేశాను.

పై వాటాలోకి ఆ కుటుంబం వచ్చి అప్పటికి ఆరు నెలలు. ఆవిడ పుట్టిల్లు నల్లకుంట, తరాలుగా ఈ ఊరి వాళ్ళే. నాకన్నా నాలుగైదేళ్ళు చిన్న. మెట్లెక్కుతూ కూడా పాడుకునే రకం. గాజుల చప్పుడు ముందు వచ్చేది, ఆవిడ తర్వాత వచ్చేది. మొదట్నుంచీ నాకు ఆవిడంటే పడదని చెప్పను గానీ, అంత నవ్వు మొహం చూస్తే నాకు ఎందుకో అనుమానం.

మర్నాడు పొద్దున టీ మరుగుతుండగా, పంచదార వేసే వేళకి బెల్లం చితక్కొట్టి వేశాను. కళ్ళముందే పాలు విరిగిపోయాయి. గిన్నెలో పైన నీళ్ళు, అడుగున ముక్కలు. పాలు పాతవేమో అనుకున్నాను. రెండో రోజు పాలపాకెట్టు అప్పుడే కత్తిరించి పెట్టాను. మళ్ళీ విరిగింది. మూడో రోజు బెల్లం తురిమి వేశాను. అదీ అంతే. మామగారు మూడు రోజులూ వడగట్టించుకుని తాగారు. ఒక్క మాట అనలేదు. ఊఁ కూడా అనలేదు.

నాలుగో రోజు సాయంత్రం పై వాటా ఆవిడ పళ్ళెంలో రెండు గాజు గ్లాసులు పెట్టుకుని కిందికి వచ్చింది. మెట్ల దగ్గర మామగారు తన బెల్లం కష్టాలు చెప్పుకున్నారట.

"అంకుల్, జర తాగి చూడుండ్రి. బెల్లం చాయ్. అక్కా, మీకు గూడ తెచ్చిన."

మామగారు ఒక గుక్క తాగారు. ఇంకో గుక్క తాగారు. గ్లాసు ఎత్తి వెలుతురులో చూశారు. "అమ్మాయ్! ఇదీ టీ అంటే! నా ఉద్యోగం మొత్తంలో ఇలాంటి టీ తాగలేదు," అన్నారు.

నేను గుమ్మంలో నిలబడి విన్నాను. తొమ్మిదేళ్ళకి నాకొచ్చింది ఒక్క అక్షరం. ఆరు నెలల క్రితం వచ్చిన మనిషికి ఒక్క గుక్కకే అన్ని మాటలు. నా ఒళ్ళు మండిపోయింది. "తర్వాత తాగుతాలే," అని నా గ్లాసు లోపలికి తీసుకెళ్ళి సింకులో పారబోసి, రంగు కూడా కనపడకుండా కొళాయి తిప్పాను. గ్లాసు కడిగి ఇచ్చి, "బాగుంది," అన్నాను.

ఇక అది రోజూ మామూలైంది. సాయంత్రం నాలుగవగానే గాజుల చప్పుడు. మామగారు అప్పటికే చొక్కా వేసుకుని కూర్చునేవారు. నా టీకి ఆయన ఎప్పుడూ చొక్కా వేసుకోలేదు. వారం తిరక్కుండా పొద్దుటి టీ కూడా పైనుంచే రావడం మొదలైంది. నా వంతు టీ వచ్చినప్పుడల్లా సింకులోకే పోయేది. ఒక్కరోజు కూడా నాలిక్కి తగలనివ్వలేదు. అంత పట్టుదల నాకు చదువులో ఉండి ఉంటే ఏదో అయ్యేదాన్ని.

పోనీ ఆవిడ ఆయన్ని తీపితో బుట్టలో వేసుకుందా అంటే అదీ కాదు. "అంకుల్, బెల్లమైతె ఏంది, తీపి తీపే. చిన్న ముక్కనే వేసిన. దినానికి రెండు గ్లాసులు, గంతే," అనేది. మూడు చెంచాలకి తగ్గితే గ్లాసు వెనక్కి పంపే మామగారు, చింతగింజంత ముక్క వేసిన టీని వేదంలా తాగేవారు. రెండు నెలల్లో ఆయన ప్యాంట్లు వదులయ్యాయి. నడక చురుకైంది. పార్కు స్నేహితులు ఇంటికొచ్చి మరీ చూసిపోయారు. వాళ్ళకీ పైనుంచి టీ వచ్చింది. యాభై ఆరులో ఊరు కాని ఊరు వచ్చి, కాచిగూడలో గది దొరక్క ఎన్ని అవస్థలు పడ్డారో ఆయన ఆవిడకి చెబుతుంటే నేను వంటింట్లోంచి విన్నాను. అందులో సగం నాకు తెలియనే తెలియదు. మనసు విప్పడానికి ఆయనకి మనిషి కావలసి వచ్చిందా? నేను అక్కడే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, పప్పు కడుగుతున్నాను.

మధ్యాహ్నాలు ఎవరూ లేనప్పుడు తలుపు దగ్గరగా వేసుకుని నా ప్రయోగాలు సాగేవి. బెల్లం పాకం పట్టి పోశాను. కోఠీకి వెళ్ళి తాటిబెల్లం తెచ్చి వేశాను. యాలకులు వేసి చూశాను, శొంఠి వేసి చూశాను. ఏం వేసినా మరిగే టీలో బెల్లం పడటం, విరగడం. ఎన్ని పాలు పారబోశానో నాకే తెలుసు. పైకి వెళ్ళి "ఎలా చేస్తున్నావమ్మా?" అని ఒక్క ముక్క అడిగితే సరిపోయేది. పన్నెండు మెట్లు. ఆ పన్నెండు మెట్లు ఎక్కడానికి నా కాళ్ళు రాలేదు. పైగా ఆవిడే చెప్పకుండా దాస్తోందని నాలో నేనే కక్ష పెంచుకున్నాను. అడగనిదే ఎవరు మాత్రం ఎందుకు చెబుతారు?

ఆ రోజుల్లో మాకు కొళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. పెరట్లో ఒకటే పంపు. ఒక శనివారం నేనూ, ఇంటి ఓనరావిడా బిందెలతో నిలబడ్డాం. ఆవిడ వెనక వాటాలో ఉండేది. మంచి మనిషే గానీ భయం ఎక్కువ. పోలీసన్నా, మునిసిపాలిటీ అన్నా గుండె దడ. మద్యనిషేధం వచ్చాక ఆ దడ మరీ ముదిరింది. దొంగచాటుగా గుడుంబా సారా కాస్తున్నారని ఏ బస్తీలోనో ఇళ్ళు సోదా చేశారట, నల్లబెల్లం మూట కనిపిస్తే చాలు పట్టుకుంటున్నారట, అని వీధి వీధంతా చెప్పుకునేవారు.

సరిగ్గా అప్పుడే పై వాటా ఆవిడ భర్త రిక్షాలోంచి ఒక గోనె మూట దించి మెట్ల మీదుగా పైకి మోశాడు. మూట అడుగు నల్లగా తడిసి ఉంది. వాసన మా దాకా వచ్చింది.

"గదేంది?" అంది ఓనరావిడ.

నాకు తెలియదు అని ఊరుకోవచ్చు. అలా ఊరుకునే మనిషినైతే ఇదంతా రాయవలసిన పనే లేదు. "నల్లబెల్లమండీ పిన్నిగారూ. తెస్తూనే ఉంటారు. అంతంత బెల్లం ఏం చేసుకుంటారో మరి. ముగ్గురున్న ఇంట్లో మేం నెలకి కిలో వాడితే ఎక్కువ," అన్నాను.

గుడుంబా అనే మాట నేను అనలేదు. ఆ తర్వాత ఎన్నో రోజులు నాకు నేను చెప్పుకున్న సమర్థింపు అదొక్కటే. అనక్కర్లేదని తెలిసే అనలేదు. ఓనరావిడ మొహంలో రంగు మారడం చూశాను. నా బిందె నిండింది, ఎత్తుకుని లోపలికి వచ్చేశాను. కడుపులో చల్లగా ఉంది. అబద్ధం చెప్పను.

మర్నాడు ఆదివారం. పదకొండు గంటల వేళ ఓనరావిడ మెట్ల కింద నిలబడి పెద్ద గొంతుతో పై వాటా ఆవిడని పిలిచింది. ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ దిగి వచ్చింది.

"ఏమ్మా, గా మూట ఏంది? నా ఇంట్ల గుడుంబా గిట్ల పెడ్తున్నరా? పోలీసోళ్ళు వస్తే పరేషాన్ ఎవలకు, మీకా నాకా?"

"గుడుంబానా?" ఆవిడ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, ఎలా తీసేయాలో తెలియనట్టు. "గట్లంటరేంది పిన్నమ్మా? మేము గసొంటోళ్ళమా?"

"మరి గంత నల్లబెల్లం ఎందుకు? నేను ఒక్కదాన్నే అంటలేను. కిందింటి అక్కనే జెప్పింది, తెస్తనే ఉంటరని."

పక్కింటి వాళ్ళు గోడ మీంచి చూస్తున్నారు. పై వాటా ఆవిడ నా వైపు తిరిగింది. నేను వరండా స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆవిడ చూపులో కోపం లేదు. అర్థం కాలేదంతే. కోపం ఉంటే నాకు సులువుగా ఉండేది.

పడక్కుర్చీ కిర్రుమంది. మామగారు లేచారు.

"అమ్మా, ఆ మూట నాదండీ," అన్నారు ఓనరావిడతో. "మా పార్కు మిత్రులు నలుగురూ కావాలంటే నేనే తెప్పించాను. నిజామాబాదు దగ్గర ఈ అమ్మాయి మేనమామ గారి గానుగ దగ్గర వండిన బెల్లం. ఏ మందూ కలపనిది. సాయంత్రం వచ్చి పట్టుకుపోతారు. సోదా చెయ్యాలంటే నన్ను చెయ్యమనండి."

ఓనరావిడ తగ్గిపోయింది. "గీ ముచ్చట ముందే జెప్తే అయిపోతుండె గద సార్," అని గొణుక్కుంటూ వెనక్కి వెళ్ళింది. పై వాటా ఆవిడ మెట్లెక్కి వెళ్ళిపోయింది. గాజుల చప్పుడు వినబడలేదు. చేతులు కొంగులో చుట్టుకుని ఉంది.

మామగారు నా వైపు చూసి, మళ్ళీ పడక్కుర్చీలో కూర్చున్నారు. ఆ బెల్లం సంగతి ఆవిడకి చెప్పారు, ఆవిడ భర్తకి చెప్పారు, పార్కులో నలుగురికీ చెప్పారు, నాకు మాత్రం చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోతూ కూడా నా బుర్రలో తిరిగింది ఆ మాటే. చూశారా నా బుద్ధి!

ఆ సాయంత్రం టీ రాలేదు. మర్నాడు పొద్దున నేను టీ పెట్టి, అందులో తీపి వెయ్యకుండా, విరక్కుండా చూసి తీసుకెళ్ళాను. "వద్దమ్మా," అన్నారు. కాసేపటికి ఆయనే లేచి వంటింట్లోకి వచ్చారు. ఆ ఇంట్లో ఆయన వంటింటి గడప దాటడం నేనెన్నడూ చూడలేదు. లైటరెక్కడుందో తెలియదు, టీపొడి డబ్బా ఏదో తెలియదు. ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టారు. పాలు, పొడి, ఆ మూటలోంచి తన వంతుగా ఉంచుకున్న నల్లబెల్లం ముక్క అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టారు. విరిగింది. వడగట్టకుండానే గ్లాసులో పోసుకుని అక్కడే నిలబడి తాగారు. ముక్కలు గొంతులో అడ్డుపడి దగ్గారు. గిన్నె ఆయనే కడిగారు.

అలా నాలుగు రోజులు. తిట్టి ఉంటే భరించేదాన్ని. మావారు, "ఏమైంది నాన్నకి?" అన్నారు పేపరు దించకుండానే. అయిదో రోజు ఓనరావిడే చెప్పింది, పై వాళ్ళు బర్కత్‌పురలో ఇల్లు చూసుకున్నారని, నెలాఖరుకి ఖాళీ చేస్తున్నారని.

ఆ మధ్యాహ్నం నేను పన్నెండు మెట్లూ ఎక్కాను. తలుపు తీసే ఉంది. గది నిండా అట్టపెట్టెలు. ఆవిడ గాజు గ్లాసులు ఒక్కోటీ పాత పేపర్లో చుడుతోంది.

"నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది," అన్నాను.

"అన్నరు గద అక్కా. అయిపోయింది," అంది. నవ్వలేదు. గ్లాసు చుట్టడం ఆపలేదు.

అసలు నేను వచ్చింది క్షమాపణకే అని ఇప్పుడు రాసుకుంటే మర్యాదగా ఉంటుంది. కానీ నన్ను మెట్లెక్కించింది ఆయన వంటింట్లో నిలబడి దగ్గిన దగ్గు. "టీ విరక్కుండా ఎలా చేస్తావు?" అన్నాను.

ఆవిడ అప్పుడు తలెత్తింది. "గిదా? పొయ్యి బంద్ జేసినంక బెల్లం వెయ్యాలె అక్కా. మసులుతున్నప్పుడు వేస్తే పాలు ఇరుగుతయి. దించి, మసులుడు ఆగినంక వేసి, కలిపి మూత పెట్టాలె. గంతే." మళ్ళీ గ్లాసు అందుకుంటూ, "ముందుగాల అడిగితే ముందుగాలనే జెప్తుంటి గద," అంది.

పెట్టెలోంచి ఒక నల్లబెల్లం ముక్క పేపర్లో చుట్టి ఇచ్చింది. "పసుపుది వెయ్యకుండ్రి. అంకుల్‌కు పడదు." నేను తీసుకుని గుమ్మం దాకా వచ్చాను. మెట్ల మీద ఎదురుపడిన ప్రతిసారీ "చాయ్ తాగుదురు రాండి అక్కా" అనే మనిషి, ఆ రోజు ఇంటికెళ్ళినా అనలేదు. అంటుందేమోనని నేను చెప్పుల దగ్గర కాస్త ఆలస్యం చేశాను కూడా.

మర్నాడు పొద్దున మామగారు నడక నుంచి రాకముందే టీ పెట్టాను. పొయ్యి కట్టేశాను. మరుగు ఆగేదాకా గిన్నె వంకే చూస్తూ నిలబడ్డాను. చింతగింజంత ముక్క వేసి, కలిపి, మూత పెట్టాను. తీసి చూస్తే నున్నగా, ఎర్రగా ఉంది. ఇంతేనా! ఈ కాస్తదానికా నేను ఇన్నాళ్ళూ ఏడ్చింది!

అత్తగారి గ్లాసులో పోసి పడక్కుర్చీ పక్కన స్టూలు మీద పెట్టాను. ఆయన దాని వంక చాలాసేపు చూసి తీసుకున్నారు. ఒక గుక్క తాగారు. ఆగారు.

"పైనుంచి వచ్చిందా?" అన్నారు.

తొమ్మిదేళ్ళుగా నేను ఎదురు చూసింది సరిగ్గా అలాంటి గుక్క కోసమే. నేను చేశానని ఒక్క మాట చెబితే చాలు. "అవునండీ, పైనుంచే," అన్నాను.

ఆయన గ్లాసు తిప్పి అంచు కింద చెక్కిన పేరు మీద బొటనవేలు పెట్టారు. పై వాటా టీ ఎప్పుడూ గాజు గ్లాసుల్లోనే వచ్చేది. ఆయనకి ఆ సంగతి తెలుసు, నాకూ తెలుసు.

"ఊఁ," అన్నారు.

నేను లోపలికొచ్చి గిన్నెలో మిగిలిన టీ పోసుకుని తాగాను. బాగుంది, చాలా బాగుంది. కానీ రెండో గుక్కకే, ఆవిడది ఇంతకన్నా బాగుండేదేమో అన్న అనుమానం వచ్చి కూర్చుంది. నెలాఖరుకి వాళ్ళు సామాను బండికెత్తుకుని వెళ్ళిపోయారు. అప్పట్నుంచి మా ఇంట్లో బెల్లం టీయే, వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటారు. మెచ్చుకున్న ప్రతిసారీ ఆ అనుమానం మళ్ళీ వస్తుంది. ఆవిడ ఎన్ని గ్లాసులు నా చేతికిచ్చిందో లెక్కలేదు. ఆ టీ ఎలా ఉండేదో నాకు ఇప్పటికీ తెలియదు.